రాబందు పేజీ దిద్దాలి

శ్రావణమాసం వచ్చిందంటే రామగిరి ఖిల్లాకి జనం బారులు తీరతారు. గోదావరిఖని నుంచి, సెంటినరీ కాలనీ నుంచి, మంథని నుంచి, పెద్దపల్లి నుంచి... షిఫ్టు దిగి నేరుగా వచ్చేవాళ్లు కొందరు, ఇంటిల్లిపాదీ టిఫిన్ డబ్బాలు సర్దుకుని వచ్చేవాళ్లు కొందరు. కోట చూడాలనుకునేవాళ్లకు బురుజులు, మూలికల కోసం వచ్చేవాళ్లకు మూలికలు, వృక్షశాస్త్రం చదివే విద్యార్థులకు పేరు తెలియని మొక్కలు. ఆ గుట్ట ఎవరినీ వట్టి చేతులతో పంపదు.

ఎక్కేవాళ్లందరి చూపూ నేల మీదే. రాళ్లు అలాంటివి మరి! తల పైకెత్తి చూసేది చిన్నపిల్లలొక్కరే. కొండ అంచు మీదుగా రెక్క ఆడించకుండా గిరికీలు కొట్టే పక్షి వాళ్లకే కనిపిస్తుంది.

'నాన్నా, అది రాబందా?'

'కాదు బిడ్డా, గద్ద.'

'మరి రాబందు ఎట్లుంటది?'

ఇక్కడే చాలామంది నాన్నలు ఆగిపోతారు. తాత పక్కనుంటే చెప్పగలడు. ఊరవతల గొడ్డు చచ్చిపడితే గుంపులు గుంపులుగా దిగిన రాబందులను ఆయన చూశాడు. నాన్నకు మాత్రం అది సినిమాలో కనిపించిన పక్షి, లేదంటే ఎన్నికలప్పుడు వినిపించే తిట్టు. అందుకే 'ఇంటికి పోయినంక పుస్తకంలో చూద్దాం' అంటాడు.

సరే, పుస్తకమే తీద్దాం. పాతతరం పిల్లల విజ్ఞాన సర్వస్వాల్లో, బడి వాచకాల్లో రాబందు గురించి చెప్పే మాటల సారం ఇంచుమించు ఇలా ఉంటుంది. రాబందు ఒక పెద్ద పక్షి. ఎత్తైన చెట్ల మీద, కొండల మీద గూడు కడుతుంది. చచ్చిన జంతువులను తిని బతుకుతుంది. మన దేశమంతటా విరివిగా కనిపిస్తుంది.

నాలుగే నాలుగు వాక్యాలు. మాస్టారు ఎర్రసిరా పెన్ను పట్టుకుని కూర్చుంటే ఏమవుతుంది? మొదటి వాక్యం సగమే. రెండోది కలగాపులగం. మూడోది నిజమే కానీ అన్యాయం. నాలుగోది ఇవాళ పచ్చి అబద్ధం. అలాగని రాసినవాళ్లను తప్పుపట్టలేం. వాళ్లు రాసిననాడు అది నిజమే. పేజీ ఉన్నచోటే ఉండిపోయింది... పక్షి వెళ్లిపోయింది.

ఒకటి కాదు, తొమ్మిది

మొదటి వాక్యంలో తప్పంతా ఆ 'ఒక' దగ్గరే ఉంది. మన దేశంలో రాబందులు తొమ్మిది రకాలు. హిమాలయాల్లో ఎముకలు మింగే గడ్డపు రాబందు దగ్గర్నుంచి, కోడికంటే కాస్త పెద్దగా ఉండే తెల్ల రాబందు దాకా. వీపు చివర తెల్లమచ్చతో కనిపించే తెల్లవీపు రాబందు, పొడుగుముక్కు రాబందు, ఎర్రతల రాబందు, తెల్ల రాబందు... ఇవీ తెలుగు నేలకు తెలిసినవి. తెల్ల రాబందుకు పీతిరిగద్ద అనే పేరూ ఉంది. ఆ పేరెందుకొచ్చిందో పల్లెటూరి పెద్దలను అడిగితే నవ్వుతూ చెబుతారు. పెంటకుప్పలు శుభ్రం చేసేది అదే మరి!

పేర్ల తికమక ఇవాళ్టిది కాదు. సంస్కృతంలో గృధ్రమంటే రాబందు. జటాయువు గృధ్రరాజు. ఆ గృధ్రమే తెలుగులో గ్రద్దయి, గద్దయి, చివరకు కోడిపిల్లలను తన్నుకుపోయే పక్షికి స్థిరపడింది. కాబట్టి గుట్ట మీద 'గద్ద' అని చెప్పిన నాన్న భాష ప్రకారం మరీ తప్పు చెప్పలేదన్నమాట!

పేరు మార్పుకు మించిన కథ పొడుగుముక్కు రాబందుది. పక్షుల మీద ఆసక్తి ఉన్నవాళ్లకు సలీం అలీ పేరు చెప్పక్కర్లేదు. 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి ఇక్కడి పక్షులను నమోదు చేసిన మనిషి. ఆయన, అమెరికా శాస్త్రవేత్త డిల్లన్ రిప్లీ కలిసి భారత్, పాకిస్తాన్ పక్షుల మీద పది సంపుటాల గ్రంథం రాశారు. తొలి సంపుటం 1968లో వచ్చింది. మన పక్షులకు అదే విజ్ఞాన సర్వస్వం. అందులో పొడుగుముక్కు రాబందు ఒకే జాతి. దానికి రెండు ఉపజాతులు. దక్కను, మధ్యభారతం వైపు ఉండేది కొండచరియల మీద గూడు కడుతుంది. హిమాలయాల పాదాల దగ్గర, అస్సాం వైపు ఉండేది చెట్ల మీద కడుతుంది.

ఒకే జాతి పక్షి ఒకచోట రాతిని, ఇంకోచోట చెట్టును ఎంచుకుంటుందా? ఈ అనుమానాన్ని పమేలా రాస్ముసెన్, స్టీవెన్ ప్యారీ అనే ఇద్దరు పరిశోధకులు పట్టుకున్నారు. మ్యూజియంలలో భద్రపరిచిన నమూనాలను పక్కపక్కన పెట్టి పుర్రెలు, ముక్కులు, ఈకలు కొలిచారు. ఇవి అన్నదమ్ములు కావు, దాయాదులని 2001లో తేల్చారు. చరియల మీద ఉండేదానికి పొడుగుముక్కు రాబందు అన్న పేరు మిగిలింది. చెట్ల మీద ఉండేది సన్నముక్కు రాబందయింది.

'ఒక పక్షిని రెండు చేస్తే మనకొరిగేదేమిటి?' అనిపించవచ్చు. ఉమ్మడి ఇంట్లో తలలు లెక్కపెడితే ఎవరి సంసారం కష్టంలో ఉందో బయటపడదు. వేరు చేసి లెక్కపెట్టాకే సన్నముక్కు రాబందు పరిస్థితి తెలిసింది. 2015 నాటి సర్వే ప్రకారం దేశంలో పొడుగుముక్కు రాబందులు సుమారు 12 వేలు, తెల్లవీపువి 6 వేలు. సన్నముక్కువి వెయ్యి! పేజీలో ఒక పేరు తప్పుంటే, ఆ పేరు చాటున ఒక జాతే మాయమైపోవచ్చు.

రాతి అరుగు మీద ఒకే ఒక్క గుడ్డు

రెండో వాక్యం సంగతి దాంతోనే తేలిపోయింది. 'చెట్ల మీద, కొండల మీద' అని కలిపి రాస్తే కుదరదు. తెల్లవీపు రాబందుది చెట్టు. పొడుగుముక్కు రాబందుది చరియ. అదీ ఎలాంటి చరియ? మనిషి ఎక్కలేనిది, నక్క దిగలేనిది, ఎండకు వేడెక్కి గాలిని పైకి తోసేది. అయిదారు కిలోల బరువు, చాపితే దాదాపు ఏడడుగుల రెక్కలు ఉన్న పక్షి నేల మీంచి లేవాలంటే నానా తంటాలు పడాలి. అదే చరియ అంచు మీంచి అయితే రెక్కలు చాపి ఒక్క అడుగు ముందుకేస్తే చాలు. మిగతా పని గాలి చూసుకుంటుంది.

చలికాలం మొదలవుతుండగా రాతి అరుగు మీద పుల్లలు పేర్చి ఆడపక్షి ఒక గుడ్డు పెడుతుంది. ఏడాది మొత్తానికి ఒకటే! ఏడెనిమిది వారాలు తల్లీతండ్రీ వంతులేసుకుని పొదుగుతాయి. పిల్ల ఎగరడానికి మరో మూడు నాలుగు నెలలు. అది పెద్దదై తానూ గుడ్డు పెట్టడానికి అయిదేళ్లు. ఏటా ఒక్క బిడ్డనే కనే కుటుంబంలో పెద్దలు నలుగురు ఒకేసారి పోతే ఆ ఇల్లు మళ్లీ నిలబడటానికి ఎంతకాలం పడుతుంది? ఈ లెక్క గుర్తుపెట్టుకుంటే ముందుముందు పనికొస్తుంది.

గూళ్లున్న చరియను గుర్తుపట్టడానికి ఒక సులువుంది. సున్నం బొక్కెన ఒలికినట్టు రాతి మీద తెల్లటి చారలు నిలువునా దిగి ఉంటాయి. ఏళ్ల తరబడి పడిన రెట్ట అది. తెలంగాణలో ఆ తెల్లచారలకు పేరుపడ్డ చోటు పాలరాపు గుట్ట. ఇప్పటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో, బెజ్జూరు అడవుల్లో, పెద్దవాగు ప్రాణహితలో కలిసే వైపు ఉంది. 2013లో అక్కడ పొడుగుముక్కు రాబందుల గూళ్లు బయటపడ్డాయి. రాష్ట్రంలో ఇక రాబందు లేదనుకుంటున్న రోజుల్లో అది పెద్ద కబురు! అటవీశాఖ ఆ తర్వాత కాపలా పెట్టి, పిల్లలను లెక్కపెట్టింది.

పాలరాపుకీ రామగిరికీ మధ్య ఆకాశంలో గీత గీస్తే నూరు కిలోమీటర్లు కూడా ఉండదు. తిండి వెతుక్కుంటూ తిరిగే రాబందుకి అది మనకు సంతకెళ్లి వచ్చినంత దూరం. ప్రాణహిత వెళ్లి కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరే గోదావరిఖని పక్కనుంచీ, మంథని పక్కనుంచీ వచ్చింది. కాబట్టి గుట్ట మీద పిల్లాడడిగిన ప్రశ్న ఊసుపోక అడిగిందేం కాదు.

ఇంకో సంగతి. బొగ్గుబావుల ప్రాంతంలో గుట్టలు రెండు రకాలు. దేవుడు పెట్టినవి, డంపర్లు పోసినవి. ఓపెన్‌కాస్టు గనుల్లోంచి తవ్వితీసిన మట్టితో ఏళ్లకేళ్లుగా లేచిన ఓబీ గుట్టలు దూరం నుంచి చూస్తే నిజం కొండల్లాగే ఉంటాయి. వాటి మీద చెట్లు పెంచొచ్చు, గడ్డి మొలవొచ్చు. రాబందు మాత్రం వాలదు. దానికి కావాల్సింది ఎత్తు ఒక్కటే కాదు. వానకు జారని రాయి, పక్కన ఆవులించే పాతాళం, చుట్టూ అలికిడి లేని ప్రశాంతం. డంపర్లు ఎన్ని కొండలైనా పోస్తాయి, రాతి అరుగును మాత్రం పెట్టలేవు. అందుకే ఉన్న రాతిగుట్ట విలువ ఉన్నప్పుడే తెలుసుకోవాలి.

పక్క రాష్ట్రం ఆ విలువ కట్టింది. బెంగళూరు దగ్గర రామనగరం కొండలు గుర్తున్నాయా? 'షోలే'లో గబ్బర్‌సింగ్ తిరిగిన బండలు! ఆ చుట్టుపక్కలే ఉన్న రామదేవర బెట్ట చరియల మీద పొడుగుముక్కు రాబందులు గూళ్లు కడతాయి. కర్ణాటక ప్రభుత్వం 2012లో దాన్ని రాబందుల అభయారణ్యంగా ప్రకటించింది.

తిట్టుకు పనికొచ్చిన పక్షి

ఇక మూడో వాక్యం. చచ్చినవాటిని తింటుంది... నిజమే. ఆ ఒక్క నిజం పట్టుకుని మనం దానికి చేయని అవమానం లేదు. భూములు మింగేవాడు భూరాబందు. లంచగొండి రాబందు. వడ్డీ వ్యాపారి రాబందు. ఎన్నికలొస్తే అవతలి పార్టీ మొత్తం రాబందులే! ఇంటి మీద వాలితే కీడని, శాంతి చేయించాలని భయపడినవాళ్లూ ఉన్నారు.

కాస్త ఆలోచిస్తే ఈ పోలిక ఎంత అన్యాయమో తెలుస్తుంది. రాబందు బతికున్న దాని జోలికి రాదు. ఒకరి నోటి దగ్గర కూడు లాక్కోదు. ఎవరూ ముట్టనిది, అందరూ ముక్కు మూసుకుని తప్పుకునేది దాని వాటా. చచ్చిన ఎద్దును ఒక గుంపు దిగి గంట తిరక్కుండా ఎముకల గూడు చేసి వెళ్లిపోతుంది. దాని కడుపులో ఆమ్లం ఎంత ఘాటుదంటే, మనల్ని చంపే సూక్ష్మజీవులెన్నో అందులో పడి చస్తాయి. మెడ మీద ఈకలు లేకపోవడాన్ని వికారమంటాం. కళేబరంలోకి తల పెట్టి తినే పక్షికి ఈకలుంటే అవన్నీ కంపుకొట్టే గుడ్డలవుతాయి. బావిలోకి దిగేవాడు బయటి బట్టలు విప్పి, పనిబట్టలు వేసుకోడూ? ఇదీ అంతే.

మన పెద్దలు ఈ పక్షిని ఎప్పుడూ చిన్నచూపు చూశారనడానికి కూడా లేదు. సీతమ్మను ఎత్తుకుపోతుంటే అడ్డుపడి రెక్కలు పోగొట్టుకున్నది జటాయువు. రాముడు దానికి తండ్రికి చేసినట్టు కర్మకాండ చేశాడు. భద్రాచలం దగ్గరున్న ఏటపాకకు ఆ పేరు జటాయువు వల్లే వచ్చిందని చెప్పుకుంటారు. వానరులు దారీతెన్నూ తెలియక కూలబడినప్పుడు, కొండ మీద కూర్చున్నచోటు నుంచే లంకలో సీత ఉందని చూసి చెప్పింది జటాయువు అన్న సంపాతి. కొండచరియ మీద ఇల్లు, అంతులేని చూపు... రామాయణం చెప్పినవాళ్లకు పొడుగుముక్కు రాబందు నడవడి బాగానే తెలుసు!

ఆ చూపులో ఇంకో రహస్యం ఉంది. ఒక్కో రాబందు తన వంతు ఆకాశాన్ని కాపలా కాస్తుంది. కింద గొడ్డునూ చూస్తుంది, దూరంగా ఎగిరే తోటి రాబందునూ చూస్తుంది. ఒకటి కిందికి దిగితే పక్కది పసిగడుతుంది, దాన్ని చూసి ఆ పక్కది. అలా ఎక్కడెక్కడి పక్షులూ ఒకచోట చేరతాయి. మన భాషలో చెప్పాలంటే అదో కాపలా గొలుసు. పక్షులు తగ్గితే గొలుసు తెగుతుంది. మిగిలినవాటికి తిండి ఉన్నా కబురు అందదు.

విరివిగా... ఎక్కడ?

నాలుగో వాక్యం దగ్గర ఎర్రసిరా ఒలికిపోవాలి. ఒకప్పుడు మన దేశంలో రాబందులు కోట్లలో ఉండేవని అంచనా. తెల్లవీపు రాబందు ప్రపంచంలోనే ఎక్కువ సంఖ్యలో ఉన్న పెద్ద వేటపక్షుల్లో ఒకటన్న పేరు. అలాంటిది 1990ల్లో రాజస్థాన్ భరత్‌పూర్ కేవలాదేవ్ పార్కులో పక్షులను ఏళ్లుగా గమనిస్తున్న విభు ప్రకాశ్‌కు తేడా కనిపించింది. గూళ్లు ఖాళీ అవుతున్నాయి. కొమ్మల మీద రాబందులు మెడ వేలాడేసుకుని కూర్చుంటున్నాయి. కొన్ని రోజులకు కింద పడి చస్తున్నాయి. తర్వాత దేశమంతా లెక్కలు తీస్తే గుండె ఆగినంత పనైంది. 1992 నుంచి 2007 మధ్య తెల్లవీపు రాబందులు నూటికి తొంభైతొమ్మిదికి పైగా పోయాయి. పొడుగుముక్కు, సన్నముక్కు జాతులు కలిపి చూస్తే నూటికి తొంభై ఏడు దాకా పోయాయి.

మొదట అందరూ ఏదో వైరస్ అనుకున్నారు. పురుగుమందులను అనుమానించారు. తిండి చాలడం లేదన్నారు. చివరకు దొంగ దొరికింది పాకిస్తాన్‌లో. లిండ్సే ఓక్స్ అనే అమెరికా పశువైద్య శాస్త్రవేత్త, ఆయన బృందం చచ్చిన రాబందులను కోసి చూశారు. మూత్రపిండాలు పాడై, లోపలి అవయవాల మీద సుద్దపొడి చల్లినట్టు యూరిక్ ఆమ్లం పేరుకుని ఉంది. ఆ పక్షుల్లో ఒక మందు ఆనవాళ్లు దొరికాయి. డైక్లోఫెనాక్! ఈ సంగతి 2004లో 'నేచర్' పత్రికలో వచ్చింది.

డైక్లోఫెనాక్ అంటే కొత్త విషమేం కాదు. మోకాళ్ల నొప్పికి, నడుం నొప్పికి మనుషులు ఎప్పట్నుంచో వాడుతున్నదే. 1990ల్లో చౌకగా దొరకడంతో పశువులకూ వాడటం మొదలైంది. కుంటుతున్న ఎద్దుకు, పొదుగు వాచిన గేదెకు ఒక్క సూది వేస్తే లేచి నిలబడేది. రైతు తప్పేముంది? డాక్టరు తప్పేముంది? మందు పనిచేసింది. కానీ సూది వేసిన కొద్దిరోజులకే ఆ పశువు చస్తే, ఊరవతల పారేస్తే... మాంసంలో మిగిలిన రవ్వంత మందు రాబందు కిడ్నీలను చంపేసింది. అన్ని గొడ్లలోనూ మందు ఉండక్కర్లేదు. కళేబరాల్లో నూటికి ఒకటి కంటే తక్కువ విషపూరితమైనా జాతి కూలిపోతుందని లెక్కలు తేల్చాయి. ఒక్క గొడ్డు మీద ఎన్ని పక్షులు వాలతాయో, ఏడాదికి ఎన్ని గుడ్లు పెడతాయో గుర్తుచేసుకుంటే ఆ లెక్క అర్థమవుతుంది.

పోతే పోయాయి, మనకేంటి? అక్కడే ఉంది అసలు దెబ్బ. రాబందులు తినని కళేబరాలు ఊరి చివర కుళ్లాయి. ఊరకుక్కలు వాటికి ఎగబడ్డాయి. కుక్కలు పెరిగితే వెర్రి రోగం భయం, నీళ్లు చెడితే ఇంకో భయం. ఒకప్పుడు రాబందులు ఎక్కువగా ఉన్న జిల్లాలనూ, అంతగా లేని జిల్లాలనూ ఆర్థికవేత్తలు అనంత్ సుదర్శన్, ఎయల్ ఫ్రాంక్ పోల్చి చూశారు. రాబందులు పోయిన జిల్లాల్లో మనుషుల మరణాలు నూటికి నాలుగుకు పైగా పెరిగాయని, 2000-2005 మధ్య అయిదేళ్లలో అలా అదనంగా పోయిన ప్రాణాలు సుమారు అయిదు లక్షలని వాళ్ల అంచనా. 2024లో ఆ పరిశోధన వెలువడింది. జీతం అడగని పారిశుద్ధ్య కార్మికుడిని పోగొట్టుకున్నందుకు కట్టిన జరిమానా అది.

దిద్దుబాటు మొదలైంది

పశువులకు వాడే డైక్లోఫెనాక్ తయారీని ప్రభుత్వం 2006లో నిషేధించింది. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలను పశువులకు మళ్లిస్తున్నారని తెలిసి, 2015లో సూదిమందు సీసాను మూడు మిల్లీలీటర్లకు కుదించింది. అదే తీరుగా రాబందులకు హాని చేసే కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ మందులను పశువులకు వాడకుండా 2023లో నిషేధించారు. 2024 చివర్లో నిమెసులైడ్ వంతు వచ్చింది. ఒక మందును మూసేలోపు ఇంకోటి తలుపు తట్టడం ఈ కథలో మామూలైపోయింది. మరి రైతు ఏం చేయాలి? దానికీ జవాబుంది. మెలోక్సికామ్ అనే మందు పశువు నొప్పినీ తగ్గిస్తుంది, రాబందునూ చంపదు. పరీక్షించి చూసిన సంగతే ఇది.

పక్షులను పెంచే పనీ సాగుతోంది. హర్యానాలోని పింజోర్‌లో మొదలైన ప్రత్యుత్పత్తి కేంద్రం తర్వాత దేశంలో మరికొన్ని వచ్చాయి. హైదరాబాద్ నెహ్రూ జూ పార్కులోనూ తెల్లవీపు రాబందుల కేంద్రం ఏర్పాటైంది. ప్రాణహిత అవతల, మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో 'రాబందుల హోటళ్లు' పెట్టారు. మందు అవశేషాలు లేని గొడ్డును తెచ్చి నిర్ణీత చోట వేస్తారు. గిరాకీ ఆకాశం నుంచి దిగుతుంది! 2024లో పింజోర్ నుంచి తెచ్చిన తెల్లవీపు రాబందులను చంద్రాపూర్ జిల్లా తాడోబా అడవిలో వదిలారు. చంద్రాపూర్ అంటే బొగ్గుగనుల జిల్లాయే. గోదావరిఖనికి చుట్టపువరసే.

ఇంత జరిగినా మన పేజీలో ఆ నాలుగు వాక్యాలు అలాగే ఉంటే లాభం లేదు. 'విరివిగా కనిపిస్తుంది' అని చదివిన పిల్లాడు ఆకాశంలో లేని పక్షి కోసం బెంగపడడు. ఉన్నదనుకుంటాడు. ఎక్కడో ఇంకో ఊళ్లో ఉండే ఉంటాయనుకుంటాడు. ఉన్నదనుకున్న దాన్ని ఎవరు కాపాడతారు?

తెలుగువాళ్లకు ఈ పేజీ బాకీ పాతదే. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు తెలుగులో తొలి విజ్ఞాన సర్వస్వాన్ని తలకెత్తుకున్నారు. 1923లో ఆయన కన్నుమూసే నాటికి మూడు సంపుటాలే వచ్చాయి. 'అ' అక్షరం దగ్గరే ఆగిన ఆ పనిలో 'ర' దాకా రావడానికి కాలం కలిసి రాలేదు. తర్వాత ఎందరో ఎన్నో విజ్ఞాన కోశాలు తెచ్చారు. అయితే విజ్ఞాన సర్వస్వం రాయడం ఒక్కసారితో అయిపోయే పని కాదు. ఇంటికి సున్నం వేసినట్టు కొన్నేళ్లకోసారి వేయాల్సిందే. లేకపోతే గోడ నిలబడే ఉంటుంది, లోపల చెదలు తినేస్తాయి.

దిద్దిన పేజీ ఇలా ఉండాలేమో. రాబందులు మన దేశంలో తొమ్మిది రకాలు. పొడుగుముక్కు రాబందు కొండచరియ మీద ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది. బతికున్నదాన్ని వేటాడదు, చచ్చినదాన్ని తిని ఊరిని రోగాల నుంచి కాస్తుంది. పశువులకు వాడిన ఒక నొప్పి మందు వల్ల అంతరించే దశకు చేరింది. తెలంగాణలో పాలరాపు గుట్ట మీద 2013లో గూళ్లు బయటపడ్డాయి. అయిదు వాక్యాలే. పాతదానికంటే ఒకటే ఎక్కువ.

దానికింద చిన్న అక్షరాల్లో ఇంకో మాట చేర్చవచ్చు. తోక చేపతోకలా మధ్యలో చీలి ఉంటే అది గద్ద. రెక్కలు తలుపు చెక్కల్లా వెడల్పుగా, చివర వేళ్లు చాపినట్టు ఈకలు విడివిడిగా ఉండి, తోక పొట్టిగా, తల చిన్నగా కనిపిస్తూ ఒక్కసారి కూడా రెక్క కొట్టకుండా తిరుగుతుంటే... ఆగి చూడాలి.

ఏటా సెప్టెంబర్ మొదటి శనివారం అంతర్జాతీయ రాబందుల దినం. మన దగ్గర శ్రావణం సందడి సద్దుమణిగే రోజులవి. ఈసారి ఖిల్లా ఎక్కినప్పుడు బిడ్డ తలెత్తి 'నాన్నా, అది రాబందా?' అని అడిగితే నాన్న కూడా ఒకసారి తలెత్తాలి. తోక చూసి జవాబు చెప్పాలి. గద్దయితే గద్దనే చెప్పొచ్చు, తప్పులేదు. ఏదో ఒక రోజు 'అవును బిడ్డా' అనే అవకాశం ఆ గుట్టకు మిగిలి ఉంటే అదే పదివేలు.